అపార్ట్‌మెంటుకు ఒక రూలు, ట్యాంకర్ యార్డుకు ఇంకో రూలా? బెంగళూరులో బోరు పర్మిషన్ సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

వర్తూరు_సెక్రటరీ
మాది వర్తూరు వైపు 96 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. పాత బోర్లలో ఇప్పుడు ఒక్కటే నీళ్లిస్తోంది. అది కూడా పొద్దున కాసేపు నడిచాక గాలి లాగుతుంది. కొత్త బోరుకు దరఖాస్తు పెట్టాం. ఇంకుడు గుంతల ఫోటోలు, ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) కాగితాలు, పాత బోర్ల లోతులు, ఏది అడిగితే అది ఇచ్చాం. ఇంతవరకు అవునని లేదు, కాదని లేదు.

ఈలోగా మా గోడ అవతలి ఖాళీ సైటులోకి ఒక రాత్రి బోరు బండి వచ్చింది. తెల్లారేసరికి కేసింగ్ దిగిపోయింది. వారం తిరక్కుండా సంపు కట్టారు, ట్యాంకర్లు క్యూ కట్టాయి. వాళ్ల మోటారు నడుస్తున్నంతసేపు మా బోరులో నీళ్లు రావు. ఆ నీళ్లనే మేం లోడు లెక్కన కొనుక్కుంటున్నాం.

నాకు తెలియాల్సింది ఒక్కటే. ఇల్లు, అపార్ట్‌మెంట్, పీజీ, హోటల్, ట్యాంకర్ యార్డు, ఫ్యాక్టరీ, పొలం... వీళ్లలో ఎవరికి పర్మిషన్ కావాలి, ఎవరికి అక్కర్లేదు? ఫిర్యాదు చేయాలంటే ఏ ఆధారం చూపించాలి?

కుందలహళ్లి_కోడలు
మా వీధిలోనూ ఇదే. మా మామగారు బోరు వేయించిన రోజుల్లో 300 అడుగులకే నీళ్లు పడ్డాయట. పోయినేడు పక్కింటివాళ్లు 1200 అడుగులు దింపితే దుమ్ము తప్ప ఏమీ రాలేదు.

రాత్రిబోరు
సెక్రటరీ గారూ, పర్మిషన్ కోసం కూర్చుంటే ఎండాకాలం వచ్చేస్తుంది. మీరూ ఒక శనివారం రాత్రి వేయించేయండి. తర్వాత ఫైన్ ఏదో కట్టుకోవచ్చు. మా లేఅవుట్‌లో అందరూ అలాగే చేశారు.

శిలాజలం
@రాత్రిబోరు, దయచేసి ఇలాంటి సలహా ఇవ్వకండి. మీ లేఅవుట్‌లో అందరూ అలా చేశారు కాబట్టే ఇప్పుడు అందరూ 1000 అడుగుల కింద వెతుక్కుంటున్నారు.

భూగర్భజలాల సర్వేలు చేయడమే నా పని. నాకు తెలిసినంతవరకు చెప్తాను.

కర్ణాటకకు సొంత చట్టం ఉంది, 2011లో వచ్చింది. నీటి పరిస్థితి బాగా లేని ప్రాంతాలను ప్రభుత్వం నోటిఫై చేస్తుంది. అక్కడ ఏ అవసరానికి బోరు వేయాలన్నా ముందు అనుమతి ఉండాలి, ఇంటి వాడకానికైనా సరే. చేతిపంపు లాంటివాటికి మాత్రమే మినహాయింపు. పాత బోర్లు రిజిస్టర్ చేయించుకోవాలి. బోరు బండ్లకూ రిజిస్ట్రేషన్ ఉండాలి. నగరం లోపల అయితే జలమండలి అనుమతి తీసుకోవాలి. 2024 మార్చిలో నీటి కష్టం ముదిరినప్పుడు జలమండలి ఈ మాట మళ్లీ గట్టిగా ప్రకటించింది.

చాలామంది తికమకపడేది ఎక్కడంటే, ఇంటర్నెట్‌లో కేంద్ర భూగర్భజల ప్రాధికార సంస్థ 2020 మార్గదర్శకాలు కనిపిస్తాయి. అందులో ఇంటి వాడకం, వ్యవసాయం, సైన్యం, పల్లెల తాగునీటి పథకాలు, రోజుకు 10 ఘనపు మీటర్ల లోపు తోడే చిన్న పరిశ్రమలు, వీళ్లకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) అక్కర్లేదని ఉంటుంది. అది చదివి "మాకు మినహాయింపు ఉంది" అనుకుంటారు. కర్ణాటక తన చట్టం ప్రకారం తనే నియంత్రించుకుంటుంది కాబట్టి ఆ జాబితా చూపిస్తే ఇక్కడ చెల్లదు.

ట్యాంకర్ యార్డు అంటే నీళ్లు అమ్మే వ్యాపారం. దానికి అనుమతి అక్కర్లేదని చెప్పే రూలు ఏదీ లేదు.

వర్తూరు_సెక్రటరీ
@శిలాజలం చాలా థ్యాంక్స్ అండి. అయితే వాళ్ల మోటారుకూ మా బోరుకూ సంబంధం ఉందని ఎలా రుజువు చేయాలి? "మీ బోరు పాతది, అందుకే ఎండింది" అని కొట్టిపారేస్తున్నారు.

శిలాజలం
బెంగళూరు కింద ఉన్నది గ్రానైట్, నైస్ (gneiss) అనే గట్టి రాళ్లు. పైన కొన్ని పదుల అడుగులు మెత్తబడిన రాయి, మట్టి ఉంటాయి. వాన నీళ్లు ముందు ఇంకేది అందులోకి. దాని కింద గట్టి రాయిలో పగుళ్లు ఉంటాయి. నీళ్లు కదిలేది ఆ పగుళ్లలోనే. మీ బోరూ వాళ్ల బోరూ ఒకే పగులును తగిలి ఉంటే, నాలుగిళ్లు ఒకే సంపులో మోటార్లు దింపుకున్నట్టే. పెద్ద మోటారు ఉన్నవాడికి నీళ్లు, మిగతావాళ్లకు గాలి.

రుజువు కష్టమేం కాదు. వాళ్ల మోటారు ఆగి ఉన్నప్పుడు మీ బోరులో నీటి మట్టం ఎంతో కొలవండి. నడుస్తున్నప్పుడు గంటగంటకూ కొలవండి. ఆగాక మళ్లీ పైకి వస్తోందో లేదో చూడండి. కొన్ని రోజులు వరసగా తేదీ, టైము వేసి రాసిపెట్టండి. ఆ కాగితం దగ్గరుంటే ఫిర్యాదును అలా కొట్టిపారేయలేరు.

నీళ్లబండి_అన్న
అందరూ ట్యాంకర్లనే తిడుతున్నారు కాబట్టి నేనూ మాట్లాడతాను. మాది చిత్తూరు జిల్లా. ఈ ఊళ్లో ట్యాంకర్లు నడుపుతూనే పిల్లల్ని చదివించుకున్నా. కొత్త లేఅవుట్లకు నీళ్ల కనెక్షన్ ఇవ్వకుండా ఇళ్లు కట్టుకోమన్నది ఎవరు? మేము కాదు కదా. ఒక్క రోజు ట్యాంకర్ రాకపోతే అసోసియేషన్ వాళ్లు అర్ధరాత్రి ఫోన్ చేస్తారు.

2024 మార్చిలో రేటు కట్టేశారు. 5 కిలోమీటర్ల లోపు 6 వేల లీటర్ల బండికి 600, 12 వేల లీటర్ల బండికి 1000 రూపాయలు. డీజిలు, డ్రైవరు జీతం, రైతుకు కట్టే నీళ్ల డబ్బు అన్నీ అందులోంచే. రిజిస్టర్ చేయించుకోమంటే చేయించుకున్నాం. పక్కవాళ్ల బోరు ఎండేట్టు రాత్రింబవళ్లు తోడేవాడిని నేనూ ఒప్పుకోను. అలాంటి నలుగురి వల్ల మా అందరికీ చెడ్డపేరు.

మారతహళ్లి_పీజీ_అక్క
@నీళ్లబండి_అన్న, మీరు చెప్పింది నిజమే. నాలుగు అంతస్తుల పీజీ నడిపేది నేను. పిల్లలు పొద్దున ఏడింటికి అందరూ ఒకేసారి స్నానానికి వెళ్తారు, ఆ గంటలో ట్యాంకర్ లేకపోతే నాకు టెన్షన్. కానీ @శిలాజలం గారూ, నాకు అర్థం కానిది ఒకటి ఉంది. పీజీ అంటే ఇల్లా, వ్యాపారమా? కరెంటు వాళ్లు ఒకటి అంటారు, నీళ్లవాళ్లు ఇంకొకటి అంటారు.

శిలాజలం
@మారతహళ్లి_పీజీ_అక్క, డబ్బు తీసుకుని మంచాలు అద్దెకిస్తున్నారు కాబట్టి వ్యాపారం కిందే చూస్తారని అనుకుని దరఖాస్తు పెట్టుకోండి. మీకు అదే క్షేమం. ఇంటి పేరుతో బోరు అనుమతి తీసుకుని పీజీకి వాడితే రేపు తనిఖీలో ఇబ్బంది మీకే.

లెక్కల_మాస్టారు
ఇళ్లకూ అపార్ట్‌మెంట్లకూ తేడా ఎందుకు ఉండాలో నాకు తెలిసిన లెక్కలో చెప్తాను.

బెంగళూరులో ఏడాదికి సగటున సుమారు 970 మిల్లీమీటర్ల వాన పడుతుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు. 30×40 సైటులో కప్పు సైటు మొత్తం ఉందనుకోండి, 111 చదరపు మీటర్లు. అంటే లక్ష లీటర్ల పైమాట. ఆవిరి, చిందడం, మొదటి వాన వదిలేయడం తీసేసి 80 శాతం పట్టుకున్నా 86 వేలు. నలుగురున్న ఇల్లు మనిషికి 135 లీటర్ల ప్రమాణంతో రోజుకు 540 లీటర్లు వాడుతుంది. 86 వేలు ఆ ఇంటికి 160 రోజులకు సరిపోతాయి.

ఇప్పుడు సెక్రటరీ గారి 96 ఫ్లాట్లు. ఫ్లాటుకు నలుగురు చొప్పున రోజుకు 51,840 లీటర్లు. కప్పు 1500 చదరపు మీటర్లు అనుకుంటే ఏడాది వానలో అదే 80 శాతం పట్టినా సుమారు 11 లక్షల 60 వేల లీటర్లు. అది 22 రోజులకు చాలు, అంతే.

కాబట్టి చిన్న ఇంటికి వాన నీళ్లు పట్టుకోవడమే పెద్ద మందు. అపార్ట్‌మెంటుకు అది చాలదు, వాడిన నీళ్లను శుద్ధి చేసి మళ్లీ వాడాల్సిందే. 135 లీటర్లలో 45 లీటర్లు ఫ్లష్‌కే పోతాయి. అంటే మీ అపార్ట్‌మెంటులో రోజుకు 17 వేల లీటర్ల పైన. అవి ఎస్‌టీపీ నుంచి ఇవ్వగలిగితే బోరు మీద మూడో వంతు భారం తగ్గుతుంది. అందరికీ ఒకే రూలు పెడితే ఎవరికీ న్యాయం జరగదని నేననేది ఇందుకే.

కుందలహళ్లి_కోడలు
మాస్టారూ, ఈ లెక్క ప్రింట్ తీసి మా లిఫ్టులో అంటిస్తాను, మీరు ఒప్పుకుంటే.

లెక్కల_మాస్టారు
తప్పకుండా అమ్మా. కప్పు కొలత మాత్రం మీది వేసుకో.

రాత్రిబోరు
ఇవన్నీ చెప్పడానికి బాగుంటాయి. మా దగ్గర ఎస్‌టీపీ నీళ్లు వాసన వస్తాయి, ఫ్లష్‌కు ఎవరూ ఒప్పుకోరు. పైగా పర్మిషన్ అంటే ఇంకో టేబుల్, ఇంకో కవరు. రూల్స్ పాటించేవాడే నష్టపోతున్నాడు, సెక్రటరీ గారి కథే సాక్ష్యం.

బ్రూక్‌ఫీల్డ్_బాబాయ్
@రాత్రిబోరు, వాసన వస్తోందంటే ప్లాంటు సరిగ్గా నడపడం లేదని అర్థం. మా దగ్గరా మొదట్లో వచ్చేది. బ్లోయర్లు కరెంటు ఖర్చు అని రాత్రిళ్లు ఆపేసేవాళ్లు. గాలి అందకపోతే బ్యాక్టీరియా చచ్చిపోయి వాసన రాక ఏం చేస్తుంది? ఇప్పుడు ఇరవై నాలుగు గంటలూ నడుపుతున్నాం, చివర్లో ఫిల్టర్, క్లోరిన్. గార్డెన్‌కూ ఫ్లష్‌కూ అవే నీళ్లు. మిగిలినవి బయట నిర్మాణాలకు ఇస్తున్నాం. అపార్ట్‌మెంట్లు శుద్ధి చేసిన నీళ్లలో సగం వరకు అమ్ముకోవచ్చని 2024లో ప్రభుత్వమే అనుమతి ఇచ్చింది కదా.

కోలారు_టమోటా
మీ ఎస్‌టీపీ నీళ్ల సంగతి వచ్చింది కాబట్టి, అవి చివరికి చేరే చోటు నుంచి నేను మాట్లాడతా. మాది కోలారు పక్కన ఒక పల్లె, ఇంట్లో తెలుగు, సంతలో కన్నడ. 2018 నుంచి కోరమంగల-చల్లఘట్ట లోయలో శుద్ధి చేసిన బెంగళూరు మురుగు నీళ్లు మా చెరువుల్లోకి వస్తా ఉన్నాయి. రోజుకు 44 కోట్ల లీటర్ల పథకం అది. పదిహేనేళ్లుగా ఎండి పడున్న చెరువులు నిండినాయి. చుట్టుపక్కల బోర్లలో నీళ్లు లేచినాయి, కాదనను. కానీ ఆ నీళ్లకు రెండు దశల శుద్ధే జరుగుతోంది, మూడో దశ కావాలని మావాళ్లు మొదటినుంచీ అడగతా ఉన్నారు. మేము అడిగేదాంట్లో తప్పేముంది? ఆ చెరువు పక్కన బోరులోంచే మా పిల్లలు తాగేది.

బోర్ల మాటకొస్తే, రైతు బోరు ఫెయిల్ అయితే ఆ అప్పు రైతు నెత్తినే. ఒకటి ఎండితే ఇంకొకటి, అదీ ఎండితే ఇంకొకటి. మా ఊళ్లో కొబ్బరికాయ చేతిలో పెట్టుకుని పాయింటు చూపేవాళ్లు బాగా సంపాదించినారు, పాయింటు చూపించుకున్నవాళ్లు భూమి అమ్ముకున్నారు.

హోస్కోటె_ఇంజనీర్
@కోలారు_టమోటా, బాధ అర్థమైంది అన్నా. కానీ దేశంలో తోడే భూగర్భజలంలో దాదాపు 87 శాతం వ్యవసాయానికే పోతోందని కేంద్ర లెక్కలు చెప్తున్నాయి. కర్ణాటకలో 10 హెచ్‌పీ వరకు పంపుసెట్లకు కరెంటు ఉచితం. మీటరు లేదు, బిల్లు లేదు. అపార్ట్‌మెంటును అన్ని కాగితాలు అడిగి పొలాన్ని ఏమీ అడగకపోతే నీళ్లెలా నిలుస్తాయి?

కోలారు_టమోటా
@హోస్కోటె_ఇంజనీర్, దేశం లెక్క బెంగళూరు మీద పెట్టొద్దు సామీ. వర్తూరు, వైట్‌ఫీల్డు కింద నీళ్లు తాగేసింది వరి మడి కాదు. మీ హోస్కోటె దారిలో చూడు, టమోటా పెట్టే బోరును ట్యాంకర్ వాళ్లకు అద్దెకిచ్చేస్తున్నారు. పంట కంటే అదే లాభం మరి. ఉచిత కరెంటుతో తోడిన నీళ్లు అపార్ట్‌మెంటుకే చేరతా ఉంటే ఆ వాడకం రైతు పద్దులో రాయాలా, మీ పద్దులో రాయాలా?

నీళ్లబండి_అన్న
ఇది మాత్రం నిజం. మా బండ్లలో సగం లోడు పొలాల బోర్లదే. దాచడానికేముంది.

హోస్కోటె_ఇంజనీర్
ఈ కోణంలో నేను ఆలోచించలేదు. అయితే పొలం బోరు నుంచి నీళ్లు అమ్మితే అది వ్యవసాయం కిందకు రాదు, వ్యాపారం కిందకే రావాలి. అక్కడ మీటరు పెట్టాలి.

అనంత_వేరుశనగ
మన ఆంధ్ర వైపు వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం 2002లోనే వచ్చింది. ఊరందరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు ఇంకో బోరు వేయకూడదని, బోరు బండ్లు రిజిస్టర్ కావాలని అందులోనూ ఉంది. అనంతపురంలో అది ఎంతవరకు పాటించారో మా ఊరి బోర్ల సంఖ్య చూస్తే తెలుస్తుంది.

కాగితం మీది చట్టం కంటే పనిచేసింది ఒకటి నేను దగ్గరుండి చూశాను. ఉమ్మడి రాష్ట్రంలో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం, ఈ ఏడు జిల్లాల్లో రైతులే భూగర్భజలాలను చూసుకునే కార్యక్రమం నడిచింది. ఊళ్లో వానమాపకం పెట్టారు. బోర్లలో నీటి మట్టం రైతులే కొలిచి గోడ మీద రాసేవారు. రబీ మొదలయ్యేముందు అందరూ కూర్చుని ఊరి కింద ఎన్ని నీళ్లున్నాయి, ఏ పంట పెడితే ఎన్ని కావాలని లెక్క వేసేవారు. ఎవరినీ బోరు కట్టేయమని బలవంతపెట్టలేదు. అంకె కళ్లముందు ఉండేసరికి చాలామంది వరి మానేసి ఆరుతడి పంటలకు పోయారు. అపార్ట్‌మెంట్లలో, లేఅవుట్లలో ఇది ఎందుకు చేయకూడదు? మీ చదువులకు ఇది ఎంత పని?

చెన్నై_చిన్నోడు
బెంగళూరు వాళ్లకు మా ఊరి అనుభవం కూడా కొంత పనికొస్తుంది. చెన్నైకి భూగర్భజల నియంత్రణ చట్టం 1987 నుంచే ఉంది. ట్యాంకర్లతో నీళ్లు తరలించడానికి లైసెన్సు కూడా ఆ చట్టంలోదే. 2003లో ప్రతి భవనానికీ వాననీటి సేకరణ తప్పనిసరి చేశారు, గడువు పెట్టి మరీ కట్టించారు. మా వీధిలో ఆ తర్వాత బావుల్లో నీళ్లు తేటపడ్డాయి, ఉప్పదనం తగ్గింది. అయినా 2019 జూన్‌లో జలాశయాలు ఎండినప్పుడు వీధంతా బిందెలతో నిలబడ్డాం. గుంతలు కట్టాక ఎవరూ పూడిక తీయకపోవడమే దానికి ఒక కారణమని నా నమ్మకం. చుట్టూ చిత్తడి నేలలు పూడ్చి కట్టేసిన ఆఫీసులు ఇంకో కారణం.

శిలాజలం
@చెన్నై_చిన్నోడు, మంచి మాట చెప్పారు. ఒక్క తేడా మాత్రం బెంగళూరు వాళ్లు గుర్తుపెట్టుకోవాలి. చెన్నై తీరం వెంట ఇసుక నేల. అక్కడ ఇంకిన నీళ్లు త్వరగా బావిలో కనిపిస్తాయి. ఇక్కడ రాయి. ఈ ఏడు ఇంకించిన నీళ్లు వెయ్యి అడుగుల బోరులోకి ఈ ఏడే వస్తాయని ఆశపెట్టుకోవద్దు. ముందు పై పొర నిండాలి. అందుకే ఇక్కడ లోతు తక్కువ బావుల మీద దృష్టి పెట్టాలి.

2025 ఫిబ్రవరిలో జలమండలి, ఐఐఎస్‌సీ శాస్త్రవేత్తలతో కలిసి ఒక అంచనా చెప్పింది. ఎండాకాలంలో నగరం నడిబొడ్డున మట్టం 5 మీటర్లు, పాత మున్సిపాలిటీల ప్రాంతాల్లో 10 నుంచి 15, తర్వాత నగరంలో కలిసిన బయటి 110 గ్రామాల వైపు 20 నుంచి 25 మీటర్లు పడిపోవచ్చని. సెక్రటరీ గారిది ఆ చివరి వరస. అక్కడే పైపు నీళ్లు ఆలస్యంగా వచ్చాయి, అక్కడే బోర్లు ఎక్కువ.

రింగుబావి_వడ్డె
లోతు తక్కువ బావులు అన్నారు కాబట్టి నేనూ చెప్తా. మేము వడ్డెరలం. తాతల నాటి నుంచి మాది బావులు తవ్వే పని. బెంగళూరులో మమ్మల్ని మన్ను వడ్డరు అంటారు, ఇళ్లల్లో మాట్లాడుకునేది తెలుగే. బోర్లు వచ్చినాక మా పని పోయింది. చానామంది కూలికి పోయినారు. ఇప్పుడు ఇంకుడు బావులు అడుగుతా ఉన్నారు కాబట్టి మళ్లీ గునపం పట్టినాం. కబ్బన్ పార్కులో పాత బావులు బాగుచేసింది కూడా మావాళ్లే.

మూడడుగుల వెడల్పు, ఇరవై ముప్పై అడుగుల లోతు తవ్వి సిమెంటు రింగులు దించుతాం. అడుగున సిమెంటు వేయకూడదు, నీళ్లు దిగేది అక్కడి నుంచే. రింగుల చుట్టూ కంకర పోయాలి. బావిలోకి పోయేముందు ఒక చిన్న తొట్టిలో మట్టి, ఆకులు ఆగేట్టు చూసుకోవాలి. కొంతమంది కారు కడిగిన నీళ్లు, బట్టల నీళ్లు కూడా అందులోకే వదలతారు, అది చానా తప్పు. ఏడాదికి ఒకసారి పూడిక తీయించాలి, చెన్నై తమ్ముడు చెప్పినట్టు.

మారతహళ్లి_పీజీ_అక్క
@రింగుబావి_వడ్డె అన్నా, ఎండిపోయిన బోరులోకే డాబా మీది వాన నీళ్లు నేరుగా వదిలేస్తే సరిపోదా? ప్లంబర్ అదే చౌక అంటున్నాడు.

రింగుబావి_వడ్డె
వద్దక్కా.

శిలాజలం
ఆయన అన్న ఒక్క మాట చాలు, కారణం నేను చెప్తాను. బావిలోకి వదిలితే మట్టి పొరలు కొంతవరకు వడకడతాయి. బోరులోకి నేరుగా వదిలితే డాబా మీది మురికి, పావురాల రెట్ట, అన్నీ వడకట్టకుండా పగుళ్లలోకి పోతాయి. అది మీ ఒక్కరి నీళ్లతో ఆగదు, ఆ పగులు మీద బోరు ఉన్న ప్రతి ఇంటికీ చేరుతుంది. ఇప్పటికే మురుగు కారడం వల్ల నగరం కింద చాలాచోట్ల నైట్రేట్ ఎక్కువగా ఉంది.

జక్కూరు_నానమ్మ
ఎండిన బోరు మాట వచ్చింది కాబట్టి అందరికీ చేతులెత్తి ఒక్కటే అడుగుతున్నాను. పనికిరాని బోరు నోరు మూయించండి. 2024 ఏప్రిల్‌లో విజయపుర జిల్లా లచ్యాణలో చిన్న పిల్లాడు పడ్డాడు. దాదాపు 20 గంటలు ఆ ఊరు ఊరంతా నిద్రపోలేదు. వాడు బతికాడు, అందరూ బతకరు. సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది కదా, బోరు వేసే 15 రోజుల ముందు అధికారులకు తెలియజేయాలని, చుట్టూ కంచె వేయాలని, వదిలేసిన బోరును మట్టి, రాళ్లతో పూడ్చాలని. రాత్రికి రాత్రి వేసేవాళ్లు ఇవేవీ చేయరు నాయనా. పర్మిషన్ ఎందుకని అడిగేవాళ్లకు నా జవాబు ఇది.

రాత్రిబోరు
@జక్కూరు_నానమ్మ, మా లేఅవుట్‌లో రెండు బోర్లు మూత లేకుండా ఉన్న మాట నిజం. ఈ ఆదివారం మనుషుల్ని పెట్టి పూడ్పిస్తాను. పర్మిషన్ విషయంలో నా అభిప్రాయం మాత్రం మారలేదు, దానికి గడువు ఉండాలి. దరఖాస్తు పెట్టిన ఇన్ని రోజుల్లో జవాబు రాకపోతే ఏం చేయాలో రూలులోనే ఉండాలి.

జక్కూరు_నానమ్మ
మట్టి కూరితే కుంగుతుంది. వాన పడ్డాక మళ్లీ చూసి మళ్లీ నింపించు. చల్లగా ఉండు.

బ్రూక్‌ఫీల్డ్_బాబాయ్
గడువు ఉండాలన్నది నేనూ ఒప్పుకుంటాను. దానికి తోడు ఇంకొకటి. ఇచ్చే అనుమతి బోరు వేయడం వరకే ఉంటోంది. వేశాక రోజుకు ఎన్ని గంటలు తోడుతున్నారో ఎవరూ అడగరు. అసలు నష్టం తోడడంలోనే కదా ఉంది. 96 ఫ్లాట్లకు తాగడానికి తోడినా, యార్డులో అమ్మడానికి తోడినా, బోరుకు మీటరు ఉండాలి. ఇన్ని లీటర్లు అని అనుమతిలోనే రాయాలి. ఇంటికి కొంతవరకు ఉచితం, అపార్ట్‌మెంటుకు ఒక రేటు, అమ్మేవాళ్లకు అంతకంటే ఎక్కువ రేటు. ఏ సర్వే నంబరులో ఎవరికి ఎంత అనుమతి ఉందో ఎవరైనా చూసుకునేలా బయటపెట్టాలి. అప్పుడు సెక్రటరీ గారు గోడ అవతల ఏం జరుగుతోందని ఊహించుకుంటూ కూర్చోనక్కర్లేదు.

హోస్కోటె_ఇంజనీర్
ఇక్కడ చట్టంలో పాత ముడి ఒకటి ఉంది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం తన నేల కింద ఉన్న నీళ్లు తోడుకునే హక్కు నేల యజమానిది. యార్డువాళ్లు గట్టిగా మాట్లాడేది ఆ ధైర్యంతోనే. కానీ నీళ్లకు సర్వే రాళ్లు ఉండవు. నోటిఫై చేసిన ప్రాంతంలో 2011 చట్టం ఆ హక్కుకు హద్దు పెట్టింది. ఫిర్యాదులో ఆ చట్టం పేరు తప్పకుండా రాయండి.

నీళ్లబండి_అన్న
మీటరు పెడితే నాకు అభ్యంతరం లేదు. అందరికీ పెట్టాలి. నాకు పెట్టి పక్క యార్డుకు పెట్టకపోతే నేను మునుగుతా, వాడు తేలతాడు.

కోలారు_టమోటా
పొలానికి మీటరు పెట్టేముందు డ్రిప్పుకు సాయం పెంచండి, ధర గిట్టేట్టు చూడండి. అప్పుడు మేమూ పెట్టుకుంటాం. నీళ్లు అమ్ముకునే బోరుకు మాత్రం రేపే పెట్టండి, నాకేం బాధ లేదు.

సర్జాపుర_స్వప్న
ఇంతసేపూ చదువుతున్నాను. సెక్రటరీ గారూ, కావేరి కనెక్షన్ తీసుకున్నారా? 2024 అక్టోబరులో ఐదో దశ మొదలైంది, రోజుకు 77.5 కోట్ల లీటర్లు, ముఖ్యంగా 110 గ్రామాల కోసమే. మా అపార్ట్‌మెంటులో ఒకేసారి అంత డబ్బు ఎందుకని ఏడాది వాయిదా వేశారు. తర్వాత సరళ కావేరి కింద ముందు 20 శాతం కట్టి మిగతాది నెలవారీ వాయిదాల్లో కడుతున్నాం. పైపు నీళ్లు వచ్చాక ట్యాంకర్లు బాగా తగ్గాయి.

లెక్కల_మాస్టారు
తీసుకోవాల్సిందే. కానీ ఆ నీళ్లు దాదాపు 100 కిలోమీటర్ల నుంచి, అర కిలోమీటరు ఎత్తుకు పంపులతో ఎక్కించి తెస్తున్నారు. అవి వచ్చాయని బోరును మర్చిపోయి, వాన నీళ్లు కాలవలోకి వదిలేయకండి.

వర్తూరు_సెక్రటరీ
అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి కమిటీలో ఇదంతా చదివి వినిపించాను. కొత్త బోరు దరఖాస్తు వెనక్కి తీసుకోవడం లేదు, కానీ దాని కోసం ఆగడం లేదు. కావేరి కనెక్షన్‌కు వాయిదాల పద్ధతిలో అడుగుతున్నాం. ఫ్లష్ లైను వేరుగానే ఉంది, ఇన్నాళ్లూ అందులోకి బోరు నీళ్లే పోతున్నాయి. వచ్చే నెల నుంచి ఎస్‌టీపీ నీళ్లు. బ్రూక్‌ఫీల్డ్ బాబాయ్ గారి ప్లాంటు చూడటానికి మా సూపర్‌వైజర్ని పంపిస్తాను, వీలు చెప్పండి. యార్డు మీద ఫిర్యాదు రాతపూర్వకంగా పెడతాం, మట్టం లెక్కలు జతచేసి.

@శిలాజలం గారూ, మట్టం కొలవడానికి ఏం కావాలి? బోరు మూత బిగించి ఉంది, మోటారు పైపు, కేబుల్ లోపల ఉన్నాయి.

@రింగుబావి_వడ్డె అన్నా, మా పార్కింగ్ వెనక నేల గట్టి మొరం. అక్కడ ఇంకుడు బావి పడుతుందా?

శిలాజలం
మూతలో ఒక చిన్న రంధ్రం చేయించి, సన్నటి పీవీసీ పైపు మోటారు పైన దాకా దించండి. టేపు కేబుల్‌లో చిక్కుకోకుండా ఆ పైపులోంచి వదలొచ్చు. నీళ్లు తగలగానే శబ్దం చేసే సౌండర్ దొరుకుతుంది, అద్దెకూ ఇస్తారు. రోజూ ఒకే గుర్తు నుంచి కొలవాలి, మూత పై అంచు అనుకుంటే అదే. మీ మోటారు ఆపి కనీసం కొన్ని గంటలైనా అయ్యాక మొదటి కొలత తీయండి, లేకపోతే తగ్గుదల మీ మోటారు వల్లే అంటారు. కొలిచేటప్పుడు యార్డు మోటారు శబ్దం వినిపించేలా ఫోన్‌లో వీడియో కూడా తీయండి.

రింగుబావి_వడ్డె
మొరం మంచిదే సార్, నీళ్లు దిగుతాయి. బంకమన్ను అయితేనే కష్టం. ముందు ఒకటిన్నర అడుగుల గుంత తీసి నిండా నీళ్లు పోయండి, ఎంతసేపట్లో ఇంకిపోతుందో చూసి చెప్పండి. డ్రైనేజీ లైనుకు, ఎస్‌టీపీ తొట్టికి దూరంగా ఉండాలి, ఆ ప్లాను ఒకటి పంపండి. పెద్ద వానలు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పడతాయి, జూలై లోపల రింగులు దించేస్తే ఈ ఏటి నీళ్లు దొరుకుతాయి.